ఫోన్‌లో గేమ్స్ దంచేసే ఐదున్నరేళ్ళ బాబుకి పెన్సిల్ ఎందుకు పట్టు చిక్కదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబుకి ఐదున్నరేళ్ళు, యూకేజీ. రోజుకి రెండున్నర గంటల దాకా ఫోన్‌లో గేమ్స్. ఎక్కువగా పరిగెత్తే ఆటలు, కార్ల పందాలు, బుడగలు పేల్చేవి. పెద్దవాళ్ళకి చేతకాని లెవెల్స్ కూడా దాటేస్తాడు. బడిలో మాత్రం రెండు లైన్లు రాసేసరికి చెయ్యి నొప్పి అంటాడు, చొక్కా గుండీలు పెట్టుకోలేడు. గేమ్స్‌తో తెలివి పెరుగుతుందని ఒకరు, చేతులు పాడవుతాయని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం, పూర్తిగా మానిపించాలా?

సూటిగా చెప్తాను. మానిపించక్కర్లేదు. కానీ ఇప్పుడు ఆడుతున్నట్టు మాత్రం ఆడనివ్వకూడదు. గేమ్ ఆడితే పెరిగేది ముఖ్యంగా ఆ గేమ్‌లో నేర్పు. దానికి బాగా దగ్గరగా ఉండే చూపు పనుల్లో ఇంకాస్త. పెన్సిల్, గుండీ, కత్తెర, బంతి, వీటికి అందులోంచి వచ్చి చేరేది దాదాపు ఏమీ ఉండదు. అలాగని గేమ్ వేళ్ళని పాడుచేయదు. వేళ్ళు తయారవ్వాల్సిన గంటల్ని అది వాడేసుకుంటోంది, అంతే. కాబట్టి మీ ఇంట్లో మారాల్సినవి మూడు: చేతికి రోజూ పని, గేమ్ రకం, గేమ్ ఆపే పద్ధతి. నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రాత, గుండీలు, తిండి లాంటి రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపిస్టుని కాబట్టి చేతి సంగతే ముందు, ఎక్కువగా రాస్తున్నాను.

పరిగెత్తే ఆటలో బొటనవేలు చేసే పనేంటో ఒకసారి గమనించండి. పైకి, కిందికి, పక్కలకి ఒకటి రెండు సెంటీమీటర్ల జారుడు. బలం అక్కర్లేదు. మిగతా నాలుగు వేళ్ళు ఫోన్ వెనక ఊరికే ఆనుకుని ఉంటాయి, మోచేతులు డొక్కలకి అతుక్కుంటాయి, మెడ వంగుతుంది. ఇప్పుడు పెన్సిల్ సంగతి చూడండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పట్టుకోవాలి. ఉంగరపువేలు, చిటికెనవేలు లోపలికి ముడుచుకుని కాగితం మీద ఆనాలి. మణికట్టు కాస్త వెనక్కి వంగి నిలబడాలి. భుజం కదలకుండా ఆధారం ఇవ్వాలి. ఇవన్నీ అమరాక గానీ వేళ్ళు స్వేచ్ఛగా కదలవు. ఫోన్ అద్దం మీద జారే వేలికి ఇందులో ఒక్కటీ సాధన కాదు. కండరానికి బలం వచ్చేది ఎదురు ఒత్తిడి ఉన్నప్పుడే. ఎంత నొక్కుతున్నామనే ఎరుక కూడా బరువు, జిగురు, గరుకు ఉన్న వస్తువుల దగ్గరే వస్తుంది.

ఆ ఎరుక లేని పిల్లలు రెండు రకాలుగా రాస్తారు. కొందరు పెన్సిల్ మొన విరిగేంతగా నొక్కుతారు, వెనక పేజీ తడిమితే అక్షరాలు చేతికి తగులుతాయి. కొందరి గీత కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. మూలం రెండిటికీ ఒకటే. మీ బాబు నొప్పి అంటున్నాడంటే బహుశా మొదటి రకం. బొటనవేలిని పెన్సిల్ చుట్టూ చుట్టేసి, పిడికిలి బిగించి రాస్తూ ఉంటాడు. రాసేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. చూపుడువేలి చివరి కణుపు లోపలికి విరిగినట్టు వంగి, గోరు కింద తెల్లబడిందంటే అదే.

ఇంట్లోనే ఓ పావుగంటలో చూసుకోదగ్గవి:

ఒక రూపాయి బిళ్ళలు ఐదు బల్ల మీద పెట్టండి. ఒకే చేత్తో ఒక్కొక్కటీ తీసి, అదే అరచేతిలో దాచుకోమనండి. తర్వాత రెండో చెయ్యి సాయం లేకుండా ఒక్కొక్కటీ వేళ్ళ చివరికి తెచ్చి హుండీలో వెయ్యాలి. ఐదున్నరేళ్ళకి ఒకటి రెండు జారినా పని పూర్తి కావాలి. బిళ్ళల్ని ఛాతీకి ఆనించుకోవడం, రెండో చెయ్యి తేవడం కనిపిస్తే అరచేతి లోపలి చిన్న కండరాలు వెనకబడ్డాయని అర్థం.

బొమ్మ చూపించి గీయమనండి, మీరు గీస్తుంటే చూసి కాదు. గుండ్రం మూడేళ్ళకి, కూడిక గుర్తు నాలుగేళ్ళకి, చతురస్రం నాలుగున్నర ఐదు మధ్య, త్రిభుజం ఐదేళ్ళు దాటాక వస్తాయి. త్రిభుజం రాని పిల్లాడి చేత 'ఋ', 'క్ష' రాయించడం వృథా శ్రమ. ఏటవాలు గీత ఇంకా చేతికి రాలేదన్నమాట.

ఒంటికాలి మీద నిలబెట్టండి. ఐదేళ్ళు దాటాక ఎనిమిది నుంచి పది సెకన్లు నిలబడాలి, కుంటి గెంతులు వెయ్యాలి. రాతకీ దీనికీ ఏం సంబంధం అంటారా? నడుము నిలవని పిల్లాడు బల్ల మీదికి వాలిపోయి, రాసే చేత్తోనే ఒంటి బరువు మోసుకుంటాడు. ఇక ఆ చెయ్యి ఏం రాస్తుంది?

బొటనవేలు చుట్టకుండా నాలుగు వేళ్ళతో పెన్సిల్ పట్టుకుంటున్నాడంటే మాత్రం కంగారు పడకండి, అదీ పనికొచ్చే పట్టే. వేళ్ళు మాత్రమే కదిలే పట్టు నాలుగున్నర, ఆరేళ్ళ మధ్య ఎప్పుడైనా రావచ్చు. నిజానికి మూడేళ్ళకే నర్సరీలో నాలుగు గీతల పుస్తకం చేతికిచ్చే బడుల తప్పు ఇందులో ఫోన్ కంటే తక్కువేం కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే, సాధారణంగా ఎక్స్‌రేలో ఒక్కటీ కనపడదు. ఒక్కొక్కటీ గట్టిపడుతూ చివరిది కనిపించేసరికి తొమ్మిదేళ్ళు దాటుతాయి.

మీ ప్రశ్నలో ఒక మాట అలవోకగా రాసేశారు: "ఫోన్ ఇస్తే గానీ తినడు, నేనే తినిపిస్తాను." నా దృష్టిలో ముందు సరిదిద్దాల్సింది ఇదే. పప్పన్నం కలుపుకుని తినడంలో వేళ్ళకి ఎంత పనుందో చూడండి. మెతుకులు, పప్పు కలిసేలా నాలుగు వేళ్ళూ అరచేతికేసి నొక్కాలి. జారిపోకుండా ముద్ద చేయాలి. వేళ్ళ చివర్ల మీదకి తెచ్చుకుని, మణికట్టు తిప్పి, బొటనవేలి గోటితో వెనక నుంచి నోట్లోకి నెట్టాలి. బొటనవేలు మిగతా వేళ్ళకి ఎదురుగా పనిచేయడానికి ఇంతకంటే మంచి సాధన మా థెరపీ గదిలో కూడా లేదు. రోజుకి మూడు పూటలు, ఖర్చు లేకుండా. ఫోన్ చూస్తూ నోరు తెరిచే పిల్లాడికి ఆ మూడూ పోతున్నాయి. పైగా ఎంత తిన్నాడో కడుపుకి తెలియదు, సరిగ్గా నమలడు. ఇవాళే మొత్తం అన్నం తనే తినాలని పట్టు పట్టకండి. మొదటి వారం చివరి ఐదు ముద్దలు తను కలుపుకోవాలి, రెండో వారం సగం, మూడో వారం అంతా. కింద పాత పేపరు పరవండి, పప్పు కాస్త గట్టిగా వండండి. చారన్నంతో మొదలుపెడితే మూడో ముద్దకే విసుగొచ్చి మానేస్తాడు.

చేతి పని: రోజుకి ఇరవై ఐదు నిమిషాలు, గేమ్ కంటే ముందు. అన్నీ ఒకే రోజు వద్దు, రెండు మూడు చాలు.

చపాతీ పిండి నిమ్మకాయంత ఇవ్వండి, మామూలు కంటే కొంచెం గట్టిగా కలిపింది. మూడు వేళ్ళతోనే చిన్న ఉండలు చెయ్యాలి, అరచేతుల మధ్య దొర్లించకూడదు. పచ్చి బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయల ఈనెలు లాగడం, నానబెట్టిన వెల్లుల్లి పొట్టు తీయడం కూడా ఈ కోవలోవే. బట్టల క్లిప్పులు పదిహేను తీసి దండెం మీద పెట్టమనండి. స్ప్రింగ్ మరీ గట్టిగా ఉంటే పిల్లాడు పిడికిలితో నొక్కుతాడు, అప్పుడు పని జరిగినా ఫలితం ఉండదు. క్లిప్పు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితోనే తెరుచుకోవాలి.

పలక ఉంటే తీయండి. బలపాన్ని అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. పొడుగు బలపాన్ని పిడికిట్లో పట్టుకోవచ్చు, అంగుళం ముక్కని మూడు వేళ్ళతో తప్ప పట్టుకోలేడు. క్రేయాన్లకీ ఇదే. పలక గరుకు వల్ల వేలికి ఎదురు తెలుస్తుంది, అద్దం దగ్గర లేనిది అదే. ఆ పలకనే వారంలో మూడు రోజులు గోడకి, బాబు కంటి ఎత్తులో తగిలించండి. నిలువు పలక మీద గీస్తే మణికట్టు దానంతటదే వెనక్కి వంగుతుంది, భుజానికీ పని పడుతుంది. మార్కెట్లో దొరికే రబ్బరు పెన్సిల్ గ్రిప్పులు కొనేవాళ్ళు చాలామంది. కండరం లేని చోట గ్రిప్పు తొడిగితే వేళ్ళు కుదురుగా కనిపిస్తాయి గానీ, అది తీసిన రోజు మళ్ళీ మొదటికే.

కత్తెర విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు పల్చటి నోట్‌బుక్ కాగితం ఇవ్వడం. అది మడత పడిపోతుంది. శుభలేఖ అట్ట లాంటిది రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా చేసి ఇవ్వండి, ఒక్క కత్తిరింపుకి ఒక ముక్క తెగేలా. అది బాగా వచ్చాక తిన్నటి గీత మీద, తర్వాత వంపు మీద. ఎడమచేతి వాటం అయితే ఎడమచేతి కత్తెరే కొనండి, మామూలు కత్తెరతో గీత కనపడదు.

గోళీలు, అచ్చంగిల్లాలు, చింతపిక్కల ఆటలు కూడా వాడుకోండి. అచ్చంగిల్లాలో రాయి ఎగరేసి, అది పడేలోపు కింద ఉన్నది తీసి రెండూ పట్టుకోవాలి. కన్ను, చెయ్యి, సమయం మూడూ కలవాల్సిన ఆట అది. ఐదున్నరేళ్ళకి రాయికి బదులు చిన్న గుడ్డ ఉండ ఎగరేయిస్తే మెల్లగా పడుతుంది, అందుకోగలడు. ఇంట్లో మూడేళ్ళ లోపు చంటిపిల్లలుంటే గోళీలూ పిక్కలూ వాళ్ళకి అందకుండా చూసుకోవాలి, గొంతులో ఇరుక్కుంటాయి.

ఇక తెలివి సంగతి. "గంటసేపు కదలకుండా ఆడతాడు, ఏకాగ్రత బాగానే ఉంది కదా" అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. అది గేమ్ పట్టి ఉంచిన చూపు. ప్రతి రెండు మూడు సెకన్లకి ఒక శబ్దం, ఒక నాణెం, ఒక వెలుగు వచ్చి కన్నుని కదలనివ్వదు. బడిలో కావాల్సింది అలాంటి బహుమతి లేని చోట తనంతట తాను నిలబెట్టుకునే శ్రద్ధ. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉన్న పిల్లలు కూడా గేమ్ ముందు గంటలు కూర్చుంటారు, కాబట్టి దీన్ని కొలబద్దగా తీసుకోవద్దు.

పరిశోధనలు లాభం అసలు చూపలేదని కాదు. 2003లో షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియర్ అనే పరిశోధకులు 'నేచర్' సైన్స్ పత్రికలో వేసిన పేపరుతో ఈ చర్చ ఊపందుకుంది. వేగంగా కాల్చే యాక్షన్ గేమ్స్ ఆడినవాళ్ళకి కావాల్సినదాన్ని చూపుతో ఏరుకునే శక్తి పెరిగిందని తేలింది. అయితే వాళ్ళు యువకులు, ఆ గేమ్ ఐదేళ్ళ పిల్లలకి ఇచ్చేదీ కాదు. 2022లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ళ పిల్లలు దాదాపు రెండు వేల మంది వివరాలు చూస్తే, రోజుకి మూడు గంటలు పైబడి ఆడేవాళ్ళు అసలు ఆడనివాళ్ళకంటే తొందరపాటు ఆపుకునే పరీక్షలోనూ, తాత్కాలిక జ్ఞాపకం పరీక్షలోనూ కాస్త మెరుగ్గా చేశారు. వాట్సాప్‌లో తిరిగేది ఈ వార్తే. గేమ్స్ వల్లే అలా జరిగిందని ఈ లెక్క నిరూపించదని ఆ పేపరు రాసినవాళ్ళే చెప్పారు. అలాంటి పిల్లలే గేమ్స్ వైపు పోతూ ఉండొచ్చు.

మెదడుకి పదును పెడతామనే యాప్‌లకి డబ్బు కట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి. లుమోసిటీ అనే యాప్ ఆధారం లేని ప్రచారం చేసిందని 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, ఆ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏడీహెచ్‌డీ ఉన్న 8–12 ఏళ్ళ పిల్లల కోసం ఎండీవర్‌ఆర్ఎక్స్ అనే గేమ్‌ని అనుమతించింది. అక్కడ కూడా మెరుగు కనిపించింది కంప్యూటర్ మీద కొలిచిన శ్రద్ధ పరీక్షలో. తల్లిదండ్రులు గమనించిన మార్పు చూస్తే, పోలిక కోసం మామూలు గేమ్ ఇచ్చిన పిల్లలకీ వీళ్ళకీ పెద్ద తేడా రాలేదు.

అక్షరాలు దిద్దించే యాప్‌ల గురించీ అడిగారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకే అక్షరాన్ని చేత్తో సొంతంగా రాసినప్పుడు, తర్వాత ఆ అక్షరం చూడగానే మెదడులో చదువుకి సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. కీబోర్డు నొక్కినప్పుడు, గీత మీద దిద్దినప్పుడు అంతగా లేదు. అంటే దిద్దడం మొదటి మెట్టు మాత్రమే. తెలుగు అక్షరాలకి ఇంకో చిక్కుంది. మనవి చాలావరకు వంపులు, ఎక్కడ మొదలెట్టి ఎటు తిప్పాలన్నదే సగం రాత. చాలా యాప్‌లు 'అ'ని చివరి నుంచి వెనక్కి దిద్దినా చప్పట్లు కొడతాయి. మీరే ఒకసారి తలకిందులుగా దిద్ది చూడండి. ఒప్పుకుందంటే ఆ యాప్ తీసేయండి. బాగున్న యాప్ అయినా వేలితో ఐదు నిమిషాలు, వెంటనే అవే రెండు అక్షరాలు బియ్యప్పిండిలోనో పలక మీదో చూడకుండా రాయించాలి.

ఎంతసేపు? ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది: రెండేళ్ళ లోపు స్క్రీన్ అసలు వద్దు, అమెరికాలో ఉన్న తాతయ్య అమ్మమ్మలతో వీడియో కాల్ లాంటిది తప్ప. రెండు నుంచి ఐదేళ్ళ దాకా గంట మించకూడదు, అదీ పెద్దవాళ్ళు పక్కనుండగా. ఐదు నుంచి పదేళ్ళకి రెండు గంటల లోపు, టీవీతో కలిపి. మీ బాబుకి నేను చెప్పేది ఇంకా తక్కువ: ముందు ఆరు వారాలు గేమ్ రోజుకి ముప్పై నిమిషాలు, ఒకే విడతగా, సాయంత్రం బయట ఆడి వచ్చాక. పడుకునే ముందు గంటలో వద్దు. వెలుతురులో బయట ఆట కంటికి కూడా అవసరం. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో బడి పిల్లలకి రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపిస్తే, మూడేళ్ళలో వాళ్ళలో 30.4 శాతం మందికి కొత్తగా దగ్గరచూపు వచ్చింది, అలా గడపని పిల్లల్లో 39.5 శాతం మందికి వచ్చింది.

ఏ గేమ్? మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనికి చివర ఉందా? పరిగెత్తే ఆటలకి ఉండదు, అందుకే ఆపమంటే ఏడుపు. కదిపే ముందు ఆలోచించాలా, లేక వేలు ఆడిస్తే చాలా? ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా నడుస్తుందా? నడిస్తే ప్రకటనల బెడద చాలావరకు పోతుంది, నడవకపోతే నేనైతే ఇవ్వను. ఈ వయసుకి స్క్రాచ్ జూనియర్ బాగుంటుంది, బొమ్మని ఎలా కదపాలో ముందే వరసపెట్టాలి. ముక్కలు అమర్చే పజిళ్ళు, దిమ్మెలతో ఇష్టమొచ్చింది కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ క్రియేటివ్ మోడ్ మీరు పక్కన కూర్చుంటే పర్వాలేదు. ఫోన్ కంటే ట్యాబ్ నయం. ఒళ్ళో కాకుండా బల్ల మీద స్టాండుకి, కంటికి 40–50 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, పాదాలు నేలకో పీటకో ఆనాలి. ఒళ్ళు కదిపి ఆడే టీవీ గేమ్స్ నిలకడకి కొంత సాయపడతాయి. బంతి విసరడం మాత్రం వాటితో రాదు, చేతిలో బంతి బరువే లేనప్పుడు ఎప్పుడు వదలాలో చెయ్యి ఎలా నేర్చుకుంటుంది?

ఆపడం. "ఇంకో ఐదు నిమిషాలు" అన్నది ఐదేళ్ళ పిల్లాడికి అర్థం కాని లెక్క. "ఈ ఆట అయ్యాక", "ఇంకో రెండు సార్లు" అనండి, పక్కన గంట కొట్టే టైమర్ పెట్టండి. ఫోన్ మీరు లాక్కోవద్దు. తనే ఆపి, తనే తెచ్చి షెల్ఫ్‌లో పెట్టాలి. వెంటనే ఒంటికి పని ఉండాలి: నీళ్ళ బాటిళ్ళు నింపడం, కుర్చీ జరపడం, ఏదైనా బరువు పని. మొదటి మూడు నుంచి ఐదు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. నాలుగో రోజు అమ్మమ్మ జాలిపడి ఫోన్ ఇచ్చేస్తే, ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో వాడికి లెక్క తెలిసిపోతుంది. అందుకే ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి, పండక్కి ఊరెళ్ళే వారం అసలు మొదలుపెట్టకండి.

"వర్చువల్ ఆటిజం అంటున్నారు, అదేమైనానా?" అని కింద ఇంకొకరు అడిగారు. స్క్రీన్ ఎక్కువై పిల్లల్లో ఆటిజం లాంటి లక్షణాలు కనిపించడాన్ని అలా అంటున్నారు. డాక్టర్లు జబ్బుల్ని గుర్తించడానికి వాడే ప్రామాణిక జాబితాలు ఐసీడీ-11లో గానీ డీఎస్ఎం-5లో గానీ ఆ పేరుతో జబ్బు లేదు. అయితే ఫోన్ మానిపిస్తే అదే సర్దుకుంటుందని నెలలు గడిపేయడం ప్రమాదం. ఏడాదిన్నరకి వేలితో చూపించకపోవడం, రెండేళ్ళకి రెండు మాటలు కలిపి అనకపోవడం, పిలిస్తే పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఏడాది నిండకముందే ఒక చెయ్యే వాడుతూ రెండోదాన్ని ముడుచుకుని ఉంచడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకుండా డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్ష, థెరపీ ఉచితం. వాడుకలో డీఈఐసీ అంటారు. హైదరాబాద్ వైపు వాళ్ళకి సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

మీ బాబు విషయంలో అంత తొందర కనిపించడం లేదు. ఇవాళ్టి తేదీ వేసి ఒక పేజీలో గుండ్రం, కూడిక గుర్తు, చతురస్రం, త్రిభుజం గీయించి, బిళ్ళల పరీక్షలో ఎన్ని జారాయో పక్కన రాసి దాచండి. ఆరు వారాలకి మళ్ళీ చేయించండి. అక్షరాల అందం ఇంత త్వరగా మారదు, దాన్ని చూసి నిరాశ పడొద్దు. నొప్పి అనకుండా ఎన్ని లైన్లు రాస్తున్నాడు, పై గుండీ కాక మధ్య గుండీలు తనే పెట్టుకుంటున్నాడా అన్నవే ముందు మారతాయి. ఆరు వారాల తర్వాత కూడా ఏమీ కదలకపోతే డీఈఐసీకి గానీ దగ్గర్లోని ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి గానీ తీసుకెళ్ళండి. ఆ రెండు పేజీలూ, బడి నోట్‌బుక్కూ వెంట పట్టుకెళ్ళండి. అద్దాలు అవసరమేమో ముందే ఒకసారి కంటి డాక్టరుకి చూపిస్తే మంచిది, గీత సరిగ్గా కనపడకపోవడాన్ని చేతి లోపం అనుకుని థెరపీ మొదలుపెట్టేవాళ్ళున్నారు.